ఉన్నికి మైల లేదు

రెండు వారాల కిందట మంగళవారం సాయంత్రం టీ తాగి, కప్పు పక్కన పెట్టి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మా వదిన మళ్లీ లేవలేదు. ఆ సంగతి అన్నయ్య కొడుకు ఫోన్లో చెబుతుంటే నాకు ముందు గుర్తొచ్చింది వదిన ముఖం కాదు. యాభై ఏళ్ల కిందట మా నాన్న మా చెల్లెలికి ఇచ్చి తప్పిన మాట. "ఈ పరీక్షలు కానీయమ్మా, లేడీ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను" అన్నారాయన. పరీక్షలు అయ్యాయి. ఆయన తీసుకెళ్లలేదు. తీసుకెళ్లింది వదిన.

నాకు ఏడుపు రాలేదు. ఏడాదిగా గుమ్మం దాటలేని మనిషి ఏ బాధా లేకుండా నిద్రలో వెళ్లిపోయిందని వినగానే గుండె మీంచి బరువు దిగినట్టయింది. నొప్పి అంటే ఆవిడకున్నంత కోపం ఇంకెవరికీ ఉండగా నేను చూడలేదు. చివరికి అది ఆవిడ జోలికి రాలేదు. అంతవరకు బాగుంది.

మాది విజయనగరం వైపు నుంచి వచ్చిన కుటుంబం. నాన్నకు రైల్వేలో ఉద్యోగం. ఊరు వదిలాం గానీ ఆచారాలను మూటగట్టుకుని రైలెక్కాం. చిలకలగూడలో రెండు గదులు, వంటిల్లు, వెనక రేకుల వసారా ఉన్న ఇల్లు. నెలనెలా ఆ మూడు రోజులూ చెల్లెలికి ఆ వసారాయే గతి. ఒక చాప, ఒక చెంబు, ఒక పళ్లెం. చలికాలంలోనూ చన్నీళ్ల స్నానం. ఆమెను తాకితే తలమీద నీళ్లు పోసుకోవాలి గనక దగ్గరికి వెళ్లేవాళ్లు లేరు.

చాలా ఇళ్లలో అంతే. కానీ మా చెల్లెలికి వచ్చే నొప్పి మాత్రం అందరికీ వచ్చేలాంటిది కాదు. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని చాప అంచు కొరికేది. తిన్నది వాంతి అయ్యేది. నాన్న ఆ మాట ఇచ్చిన ఏడే, డిగ్రీ పరీక్ష హాల్లో కళ్లు తిరిగి పడిపోతే రిక్షాలో ఇంటికి పంపించారు. ఆ పేపరు పోయింది. అప్పుడు నాన్న డాక్టరు ఊసెత్తలేదు. "వచ్చే ఏడు కూడా తప్పితే చదువు చాలిద్దాం. పెళ్లయితే అదే సర్దుకుంటుంది" అన్నారు. చెల్లెలు వసారాలోంచి ఆ మాట విన్నది. దానికి బడిపంతులమ్మ కావాలని ఒక్కటే కోరిక. ఇక ఆ కోరిక నెరవేరేదీ లేనిదీ, నెలలో ఆ మూడు రోజులు పరీక్షల్లో పడటం మీదా పడకపోవడం మీదా ఆధారపడింది.

మా ఇంట్లో ఎర్ర రబ్బరుతో చేసిన వేణ్ణీళ్ల సంచీ ఒకటి ఉండేది. నాన్న నడుం నొప్పి కోసం కొన్నది. హాల్లో మేకుకు వేలాడేది. చెల్లెలు ఒకసారి వసారా గడప దగ్గర నిలబడి, "అమ్మా, ఆ సంచీలో కాసిని వేణ్ణీళ్లు పోసియ్యవే" అని అడిగింది.

"అది మీ నాన్నగారిదే. నువ్వు ముట్టుకున్నాక మళ్లీ ఆయనెలా వాడతారు?" అంది అమ్మ.

నాన్న పక్క గదిలోనే ఉన్నారు.

ఆ ఎండాకాలంలోనే అన్నయ్యకు పెళ్లయి వదిన వచ్చింది. పక్కనే ఉన్న మెట్టుగూడ పిల్ల. తాతల కాలం నుంచి ఇక్కడివాళ్లే. వచ్చిన మొదటి రోజే "అత్తమ్మా" అని పిలిస్తే మా అమ్మ, "అత్తమ్మ ఏవిటే, చక్కగా అత్తయ్యా అను" అంది. "సరే అత్తమ్మా" అంది వదిన. బతికున్నన్నాళ్లూ అలాగే పిలిచింది.

వదిన వచ్చాక చెల్లెలికి ఆ రోజులు మొదటిసారి వచ్చినప్పుడు మూలుగు విని ఆవిడ వంటిల్లు వదిలేసి వసారాలోకి వెళ్లబోయింది. అమ్మ అడ్డం నిలబడింది.

"ఏందత్తమ్మా గిట్ల? పిల్ల గింత తక్లీఫ్ పడుతుంటే ఎవ్వరు పోరా?"

"పోతే మళ్లీ స్నానం చేసి గానీ పొయ్యి ముట్టుకోకూడదు. మీ ఇళ్లలో ఏం చేస్తారో గానీ ఇక్కడ ఇదీ పద్ధతి."

వదిన ఎదురు మాట్లాడలేదు. పెద్ద గొంతుతో తిరగబడి ఉంటే మా అమ్మ ఈజీగా గెలిచేది, పోట్లాటలో ఆవిడకు ఎదురు లేదు. వదిన మర్నాడు మోండా మార్కెట్ వైపు వెళ్లి, మిలిటరీవాళ్లు వాడి వదిలేసిన కంబళ్లు అమ్మే కొట్లో బూడిదరంగు ముక్క ఒకటి తెచ్చింది. ముతకది, గుచ్చుకునేది. దాన్ని రబ్బరు సంచీ కొలతకు కత్తిరించి, చేత్తో కుట్టి, మెడ దగ్గర నాడా పెట్టింది. మేమంతా అది నాన్న నడుం కోసమే అనుకున్నాం. ఆయన కూడా అలాగే అనుకున్నట్టున్నారు, కోడలు బుద్ధిమంతురాలని అన్నయ్యతో అన్నారు.

మళ్లీ నెల చెల్లెలు వసారాలోకి వెళ్లగానే వదిన నీళ్లు కాచి సంచీ నింపింది. అమ్మ అప్పుడే మడి కట్టుకుని పూజకు కూర్చోబోతోంది. ఆవిడ మడి బట్ట ఉన్ని ధావళి. ఉన్నికి మైల అంటదని, పక్కవాళ్లు తాకినా ఫరవాలేదని ఆవిడే మాకు వందసార్లు చెప్పింది.

"ఎక్కడికే ఆ సంచీ?" అని అడిగింది.

"వసారకు, అత్తమ్మా."

"మైల కాదూ?"

"మీ ధావళి ఉన్నిదే గద? దానికి మైల లేదంటిరి. గీ కంబళి సుత ఉన్నిదే. గొర్రె గొర్రెకు ఫరక్ ఉంటదా?"

నేను డిగ్రీ చదువుతూ, కనిపించిన పుస్తకమల్లా చదివేస్తున్న రోజులవి. ఆచారాలను చీల్చి చెండాడే పుస్తకాలు అప్పటికి చాలానే చదివాను. ఆ తర్వాత అంతకు పదింతలు చదివాను. వాటిలో ఒక్క వాదన కూడా మా ఇంటి గడప దాటి వసారాలోకి వెళ్లలేదు. వెళ్లింది ఆ కంబళి ముక్క.

అమ్మ ధావళి కొంగు వేళ్లతో నలుపుకుంటూ నిలబడింది. చివరికి, "మూత గట్టిగా బిగించు. నీళ్లు కారితే పిల్ల ఒళ్లు కాలుతుంది" అంది.

ఆ రోజు చెల్లెలు ఆ సంచీని పొత్తికడుపుకు హత్తుకుని, పక్కకు తిరిగి పడుకుని నిద్రపోయింది. ఆ రోజుల్లో పట్టపగలు తను నిద్రపోవడం నేను చూడటం అదే మొదలు. మర్నాటికల్లా నాన్న తన నడుం కోసం కొత్త సంచీ ఒకటి కొనుక్కొచ్చుకున్నారు. అందుకు ఆయనకు తీరిక దొరికింది.

వదిన అక్కడితో ఆగలేదు. వాము నీళ్లు పెట్టింది, చన్నీళ్లు మాన్పించింది, నొప్పి తగ్గినప్పుడు వసారాలోనే అటూ ఇటూ నడిపించింది. అయినా రెండో రోజు వచ్చే పోటు లొంగలేదు. అప్పుడు అమ్మతో అన్నది నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: "ఓర్చుకునే నొప్పికి ఇల్లు, ఓర్చుకోరాని నొప్పికి డాక్టర్. పరేషాన్ కాకుండ్రి, నేను తోల్కపోత." మగతోడు ఉండాలని అమ్మ షరతు పెట్టింది. అలా నేను వెళ్లాను. బస్సు దిగి, లేడీ డాక్టరు గది బయట ఆడవాళ్ల మధ్య తల దించుకుని కూర్చుంటే వదిన నవ్వింది.

"ఏం మరిదీ, ముఖం గట్ల పెట్టినవ్? నొప్పి నీకా, పిల్లకా?"

చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. చెల్లెలు కూడా నవ్వింది.

గర్భసంచి పక్కన గడ్డ ఉందన్నారు. తీసేశారు. ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారని డాక్టరమ్మ అడిగింది. వదిన మా ఇంటి పరువు కాపాడుతూ, "తెల్వక, అమ్మా" అంది. ఆ తర్వాత నొప్పి పూర్తిగా పోలేదు గానీ లొంగింది. మాత్ర నొప్పి ముదిరేదాకా ఆగి వేసుకుంటే వదిన ఊరుకునేది కాదు. "వాన షురూ అయి తడిసినంక గొడుగు కొంటవా పిల్లా?" అనేది. మరుసటి ఏడు పరీక్షల్లో సరిగ్గా ఆ రోజులే పడ్డాయి. చెల్లెలు మాత్ర వేసుకుని, వెళ్లి, రాసి వచ్చింది. పంతులమ్మ అయింది. రిటైరై ఇప్పుడు మెట్టుగూడలో ఉంటోంది. ఇన్నేళ్లూ వారం వారం ఆటోలో వచ్చి వదినను చూసి వెళ్లేది.

పదో రోజున బంధువులంతా వచ్చారు. ఒకాయన వదిన పులిహోర గురించి మాట్లాడాడు. మా పిన్ని ఆవిడ ఓర్పు గురించి మాట్లాడింది. ఓర్పా! మా ఇంట్లో ఓర్పు వద్దన్న మొదటి మనిషి ఆవిడ. ఒకావిడ నా దగ్గరకొచ్చి, "మీ అమ్మగారితో చాలా పడింది పాపం" అంది.

అప్పుడే వదిన మనవరాలు, కాలేజీ పిల్ల, లోపల్నుంచి వచ్చింది.

"తాతా, నాకు బాగా క్రాంప్స్ వస్తున్నయి. బామ్మ హాట్ బ్యాగ్ ఏడ పెట్టిన్రు?" అని పదిమంది ముందు నన్ను గట్టిగా అడిగింది.

పిన్ని ముఖం మాడిపోయింది. "ఇవ్వాళ హాల్లోకి రాకూడదే, గదిలోకి పో" అంది.

అప్పటికే పిల్లకు సంచీ అలమారలో దొరికింది. రబ్బరు మారింది, ఎన్నోసార్లు మారి ఉంటుంది. తొడుగు అదే. పిల్ల నీళ్లు నింపుకొచ్చి, నానమ్మ ఫోటో పక్కనే గోడకు ఆనుకుని కూర్చుంది. "ఉన్నికి మైల లేదట. బామ్మ చెప్పింది. మీకు డౌటుంటే ఆమెనే అడుగున్రి" అని ఫోటో చూపించింది. కాసేపటికి ఆ పిల్ల అక్కడే కునికిపాట్లు పడింది. నాకు ఆ పది రోజుల్లో ఊపిరి పూర్తిగా ఆడింది అప్పుడే.

అమ్మ మీద నాకు కోపం లేదు. ఆవిడకు ఒక నియమం ఉండేది. అదే నియమంలోంచి దారి చూపిస్తే తప్పుకుంది. ఆ తర్వాత ఎన్నో నెలలు ఆ సంచీ ఆవిడే నింపింది. ఒకసారి నింపుతూ, "నాకూ వచ్చేదే ఈ నొప్పి. చెప్పుకోవడానికి ఎవరున్నారు?" అని వదినతో అంది.

నాకు కోపమల్లా ఏ నియమమూ అడ్డం లేని మనిషి మీద. కాలనీలో ఇప్పటికీ దేవుడులాంటి మనిషని చెప్పుకునే ఆయన మీద. పక్క గదిలో నడుం కింద వేణ్ణీళ్ల సంచీ పెట్టుకుని పడుకుని, వసారాలోంచి మూలుగు వినిపించినప్పుడల్లా చెయ్యి చాపి రేడియో గొంతు పెంచిన మా నాన్న మీద.