నాన్న చూపు మధ్యలో నలుపు

నాన్న రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో రిటైరై, వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో క్వార్టర్ ఖాళీ చేశాక, మేం అదే ఊళ్లో మోవా వైపు సొంతింటికి వచ్చాం. అమ్మ పట్టుబట్టి కొనిపించిన ఇల్లది. వచ్చిన రెండో ఏడు నుంచి నాన్న అమ్మ ముఖంలోకి చూడడం మానేశాడు. ఆవిడ ఎదురుగా నిలబడి మాట్లాడితే గోడకేసి తిరిగి జవాబిచ్చేవాడు.

"కాలనీ వదిలించానని కోపం. ఇన్నేళ్లు కాపురం చేసి నాకేసి చూడరేటి?" అని అమ్మ వంటింట్లో కళ్లొత్తుకునేది. చూపులో నడిమధ్య భాగం దెబ్బతింది, ఇక తిరిగి రాదని కంటి డాక్టరు చెప్పినా ఆవిడ తలకెక్కలేదు. "వాకిట్లోకొచ్చిన ఆవు కనిపిస్తుంది, నేను కనిపించనా? అంతా నాటకం!" నాన్న చెప్పి చెప్పి ఊరుకున్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ సగం అలాగే అనుకున్నాను. "ముఖం చూసి మాట్లాడితే నీ సొమ్మేం పోయింది నాన్నా?" అని ఒకరోజు విసుక్కున్నాను కూడా. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లుమండుతుంది.

శంకర్ నగర్‌లో ఒక ఆఫీసులో వెబ్‌సైట్లకి బొమ్మలు గీయడం నా ఉద్యోగం. గుండ్రటి గ్రేడియంట్లు రోజూ వేసేదాన్నే. మధ్యలో ఒక రంగు మొదలై, అంచులకి పోయేకొద్దీ ఇంకో రంగులో కలిసిపోవాలి. ఎక్కడ మొదలవ్వాలో, ఎక్కడ ఆగాలో అంకెల్లో రాస్తే బ్రౌజరే గీసేస్తుంది. ఒకసారి ఓ బటన్‌కి మెరుపు వేస్తూ, మధ్యలో తెలుపు పెట్టాల్సింది పొరపాటున నలుపు పెట్టాను. అక్షరాలు మాయమయ్యాయి, అంచులు మాత్రం శుభ్రంగా కనిపిస్తున్నాయి. డాక్టరు చెప్పింది ఇదే కదా!

ఆ ఆదివారం అమ్మ ఫోటో ఒకటి ల్యాప్‌టాప్‌లో పెట్టి, దాని మీద అలాంటి నల్లటి గుండ్రం వేసి, నాన్న పక్కన కూర్చున్నాను. ఆయన తల ఓరగా పెట్టి చూశాడు. వర్క్‌షాపులో వ్యాగన్ల మీద తెల్ల అక్షరాలు రాసిన మనిషి, అంచుల సంగతి ఆయనకి చెప్పాలా!

"గీత గీసినట్టుండదమ్మా. చివర్న పల్చన చెయ్యి."

అంకెలు మార్చుకుంటూ పోయాను. నలుపు తగ్గుతూ తగ్గుతూ అంచుకొచ్చేసరికి కింది ఫోటో పూర్తిగా కనిపించింది.

"బస్, ఇంతే. కానీ ఇలా ఒక్కచోటే ఉండదు. నేనెటు చూస్తే అటొస్తుంది."

అయ్యో రాత! నేను దాన్ని ఫోటో మధ్యలో మేకు కొట్టినట్టు పెట్టాను. అప్పటికప్పుడు కూర్చుని గ్రేడియంట్ కేంద్రాన్ని మౌస్‌కి కట్టాను. తెర మీద బాణం ఎటు పోతే నలుపు అటు పోతుంది.

అమ్మని పిలిచి మౌస్ చేతికిచ్చాను. "ఇది నాన్న చూపు. దీంతో నిన్ను నువ్వు చూసుకో."

ఆవిడ బాణాన్ని ఫోటోలో తన ముఖం మీదికి తీసుకెళ్లింది. ముఖం పోయింది. కళ్ల మీద పెట్టింది, బొట్టు మీద పెట్టింది. ఎక్కడ పెట్టినా అంతే. విసుగొచ్చి బాణాన్ని ఫోటోలో వెనకున్న గోడ మీదికి లాగేసింది. ముఖం వచ్చింది.

అమ్మ బాణాన్ని మళ్లీ ముఖం మీదికి తెచ్చింది, మళ్లీ గోడ మీదికి తీసుకెళ్లింది. తర్వాత నాన్న వైపు తిరిగింది.

"అయితే గోడకేసి చూస్తేనే నేను కనిపిస్తానేటి?"

"ఊఁ" అన్నాడు నాన్న, గోడకేసి తిరిగి.