మనుషుల్లేని మేళం

సునందకు కోపం ఎక్కువని రాయదుర్గంలో ఆమె పనిచేసే జీన్స్ యూనిట్లో అందరికీ తెలుసు. కుట్టుమిషన్ల మోటార్లు, బోర్డులు బాగుచేసే మెకానిక్కు ఆమె. మిషన్ మొరాయిస్తే గుద్ది నడిపించేవాళ్లను చూస్తే ఒంటికాలి మీద లేస్తుంది. మేనేజరైనా సరే, తిట్టాల్సిన మాట తిట్టే పోతుంది.

ఆమె నాయన చిన్నప్ప నాదస్వరం వాయించేవాడు. కణేకల్ దాకా ఎవరింట్లో పెండ్లయినా ఆయన మేళమే. పక్కన డోలు ఓబులేసుది. చిన్నప్ప పోయి కొన్నేండ్లయింది. పోయేముందు ఒక తిరునాళ్లలో ఇద్దరూ వాయించింది ఎవరో మంచి మైకులు పెట్టి రికార్డు చేసినారు. అది సునంద అన్న గిరి దగ్గర ఉంది. గిరి పెండ్లిళ్లకు సౌండ్ బాక్సులు, లైట్లు, జనరేటరు బాడుగకిస్తాడు.

ఒక ఆదివారం గిరి నల్లటి డబ్బా ఒకటి తెచ్చి చెల్లెలి ముందు పెట్టినాడు.

"నాయన రికార్డింగు దీంట్లో వేస్తే రేకు గీరినట్లుండాది సునందా. జనరేటర్ వేస్తే గుయ్యిమంటాది. ఏమన్నా చెయ్యి."

అది డాక్. ల్యాప్‌టాప్‌లో అంకెల రూపంలో ఉన్న పాటను బాక్సులకు పోయే శబ్దంగా మార్చే పరికరం. సునంద మూత విప్పి చూసింది. అసలు చిప్పు మంచిదే. దాని నుంచి వచ్చేదాన్ని బయటికి పంపే చివరి చిన్న చిప్పులు, ఐసీలే చౌకబారువి. వాటిని తప్పించి, ఆ చోట ఎడమకొకటి, కుడికొకటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెడితే గీరుడు తగ్గుతుందని, జనరేటర్ రొద కూడా తీగ వెంబడి లోపలికి రాదని ఆమె చదివింది. బెంగళూరులో పాతసామాన్లు అమ్మేవాడు ఒక స్టూడియో మిక్సర్‌లోంచి పీకిన జత పంపించినాడు. ఒక్కొక్కటి అగ్గిపెట్టె అంత.

మొదటిసారి అతికించి వింటే రొద ఇంకా పెరిగింది. సునందకు తన మీద తనకే ఒళ్లు మండింది. డబ్బాకు కరెంటిచ్చే ట్రాన్స్‌ఫార్మర్ పక్కనే వీటిని పెట్టింది మరి. పీకి, డబ్బాలో ఆ చివరకు జరిపి, అడ్డంగా తిప్పి బిగించింది. రొద పోయింది కానీ పైస్థాయిలో సన్నగా కీచుమంటోంది. వెనక ఒక రెసిస్టర్ వేస్తే అదీ అణిగింది.

అప్పుడు నాయన వినపడినాడు. నాదస్వరం పీకను పెదాల మధ్య సర్దుకోవడం, రాగం మధ్యలో ఊపిరి పీల్చుకోవడం, ఓబులేసు పుల్ల తోలు మీద పడి లేవడం. చేతిలో సోల్డరింగ్ ఐరన్ కాలుతూనే ఉంది. ఆమె అట్లనే కూర్చుండిపోయింది.

డబ్బా గిరికిచ్చేసిన కొన్నాళ్లకు, యూనిట్లో పనిచేసే అశ్విని పెండ్లికి పోయినప్పుడు పందిట్లో ఆ రాగమే వినపడింది. మేళగాళ్లు కూర్చునే బల్ల వైపు నడిచింది సునంద. బల్ల మీద మనుషుల్లేరు. నల్లడబ్బా, రెండు బాక్సులు ఉన్నాయి. తాళి కట్టే వేళ అయ్యగారు "గట్టిమేళం" అనంగానే గిరి బటన్ నొక్కినాడు.

బాక్సు ముందర ఓబులేసు నిలబడి ఉన్నాడు. అశ్విని వాళ్ల వీధే ఆయనది, భోజనానికి వచ్చినాడు.

"నా డోలు నేను లేకుండానే మోగుతాండాది చూడమ్మా," అన్నాడు. "నువ్వే బాగు చేసినావంట కదా. ముందు గీరుకుంటా ఉండేది, పెండ్లోళ్లు విసుక్కొని మమ్మల్నే పిలిచేవాళ్లు. ఇప్పుడెవరు పిలుస్తారు?"

సునంద అన్నం ముట్టకుండా గిరి దగ్గరికి పోయింది.

"నాయనను మనం వినాలని చేసినా. ఆయన పక్కన వాయించిన మనిషి కడుపు కొట్టేదానికా?"

"అరవద్దు. పెండ్లోళ్లు అడిగినారు, నేను ఇచ్చినా. ఓబులేసు మామకు వయసైంది, టైముకు రాడు. నాయన నీకొక్కదానికేనా, నాకూ నాయనే సునందా. ఆయన మేళమే కదా మోగుతాండేది?"

"మోగేది నాయన కాదు, నీ బటను!"

మరుసటి పొద్దున ఆమె అన్న షెడ్డుకు పోయి డబ్బా విప్పింది. ట్రాన్స్‌ఫార్మర్లు రెండూ పీకేసి, పాత ఐసీల దారి మళ్లీ అతికించి, మూత బిగించింది. గిరి గుమ్మంలో నిలబడి పిచ్చి పట్టిందా అని కేకలేసినాడు. "నీ డబ్బా నీకిచ్చినా," అని వెళ్లిపోయింది. ఆ పొద్దు నుంచి అన్నాచెల్లెళ్లకు మాటల్లేవు.

సౌండు పాడైతే జనం మళ్లీ ఓబులేసును పిలుస్తారని సునంద గట్టిగా నమ్మింది. ఆ తర్వాత గిరి బాక్సులు పెట్టిన ఇంకో పెండ్లికి పోయింది. నాదస్వరం రేకు గీరినట్లే వస్తోంది, అడుగున జనరేటర్ గుయ్యిమంటోంది. జనం ఫోటోలు దిగుతున్నారు, వడ్డనలు జరుగుతున్నాయి. ఒక్కరూ తల తిప్పలేదు. ఆమె ఉండబట్టలేక పెండ్లికూతురి నాయనను అడిగింది, మేళం ఏమి అట్లుంది అని.

"బాగానే ఉండాది కదమ్మా," అన్నాడాయన.

ఆ మాటకు వచ్చినంత కోపం ఆమెకు గిరి మీద కూడా రాలేదు.

తర్వాత ఇంట్లో వాడుకునేదానికి పాత డాక్ ఒకటి కొని, ఆ ట్రాన్స్‌ఫార్మర్లు దాంట్లో వేసుకుంది. వినేదానికి రమ్మని ఓబులేసు ఇంటికి పోయి పిలిచింది.

"వినేదానికి నేనెందుకమ్మా?" అన్నాడు ఓబులేసు కసిగా. "వాయించేదానికి పిలిచేవాళ్లుంటే చెప్పు."

ఆయుధపూజకు యూనిట్లో కూడా బాక్సులే పెడతామన్నాడు మేనేజర్. "మనుషులు వాయిస్తేనే పండగ చేసుకుందాం. లేదంటే రేపటి నుంచి మిషన్లు నువ్వే బాగుచేసుకో," అంది సునంద. ఆయన గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

ఓబులేసుకు తోడుగా కణేకల్ నుంచి నాదస్వరం వాయించే కుర్రవాడొకడు వచ్చినాడు. కుట్టుమిషన్ల మధ్య, రేకుల షెడ్డు కింద చాప పరిచినారు. చాలా నాళ్లకు డోలు పట్టిన ఓబులేసుకు చెయ్యి మొద్దుబారి మొదట్లోనే దెబ్బ తప్పింది. కుర్రవాడు నవ్వాపుకున్నాడు. ఓబులేసు వాణ్ని ఒక బూతు తిట్టి, పంచె ఎగదోసుకుని, డోలు ఒళ్లోకి లాక్కుని మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.