కానిస్టేబుల్ లేచి నవ్వాలి

పాత సినిమాను మళ్ళీ తీస్తున్నారంటే మా నాయినకు ఒళ్ళు మండేది. అందులోనూ ఆ సినిమా! గూండాలు పోలీస్ స్టేషన్‌ను చుట్టుముడతారు, ఫోన్ తీగలు కోసేస్తారు. లోపల నలుగురు పోలీసులు, ఒక ఖైదీ. పెళ్ళికి ముందు సికింద్రాబాద్‌లో ఆయన దాన్ని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. ముసలి కానిస్టేబుల్ తలుపుకు వీపు ఆనించి, గూండాలను ఆపుతూ ప్రాణం విడిచే సీను చెప్పడం మొదలుపెడితే, కంచంలో చెయ్యి ఎండిపోయినా ఆపేవాడు కాదు. మేం వినలేక చచ్చేవాళ్ళం.

తొంభైల చివర్లో దాన్నే రంగుల్లో మళ్ళీ తీయడానికి ఒక యూనిట్ మాదాపూర్ బండల మధ్యకు వచ్చింది. అప్పుడు అక్కడ ఏముందని! కొత్తగా లేస్తున్న ఒక పెద్ద భవనం, చుట్టూ రాళ్ళు, తుమ్మలు, మేకలు. ఇప్పుడు అక్కడి ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఈ మాట చెబితే మా పిల్లలు నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూస్తారు. చూడనీ. ఆ బండల మీద కూర్చుంటే గాలి ఎంత హాయిగా ఉండేదో వాళ్ళకేం తెలుసు, పాపం.

ఆ రోజుల్లో మా ఇంట్లో మాత్రం హాయి లేదు. బాలానగర్‌లో నాయిన పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడింది. కూకట్‌పల్లిలోని మా కిరాయి ఇంట్లో ఆయన గోడకానుకుని కూర్చునేవాడు. తిట్టినా పలకడు, నవ్వించినా నవ్వడు. ఇంటినంతా నవ్వులాటలతో నడిపిన మనిషి! అమ్మకు దిగులంతా అదే. “ఫ్యాక్టరీ పోతే పోనీ, ఈ మనిషి గిట్లయితే నేనెట్ల బతకాలె?” అనేది నాతో, గిన్నెలు తోముతూ.

మా వీధిలో టెంట్ సామాను కిరాయికిచ్చే ఆయన ఆ షూటింగ్‌కు కుర్చీలూ షామియానాలూ పంపేవాడు. ఒకరోజు పొద్దున్నే పరుగున వచ్చి, ముసలి కానిస్టేబుల్ వేషం వేయాల్సినాయన రాలేదనీ, మంచి మీసమున్న మనిషి కావాలనీ చెప్పాడు. అమ్మ క్షణం ఆలోచించలేదు. నాయినను నెట్టినంత పని చేసి ఆటో ఎక్కించింది. అమ్మా, నేనూ కూడా ఎక్కాం.

సెట్లో కిటికీలకు నల్లగుడ్డలు కట్టి పట్టపగలే రాత్రి చేశారు. నాయిన ఖాకీ బట్టలు తొడుక్కుని, నెత్తురని మొహానికి ఎర్రరంగు పూయించుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఎలా చేయాలో డైరెక్టర్ చెప్పబోతే “నాకెరికే సార్” అన్నాడు. నిజంగా ఎరికే! అవతల గూండాలు తలుపు గుద్దుతుంటే వీపుతో ఆపుతూ ఆపుతూ, మెల్లగా కిందికి జారి, కళ్ళు తెరుచుకునే చచ్చిపోయాడు. యూనిటంతా చప్పట్లు కొట్టింది. అమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది.

“కెమెరా ఆపకండి, ఆయన నవ్వాలి!” అని అసిస్టెంట్ అరిచాడు. అది సినిమావాళ్ళ ఆనవాయితీ అట. చచ్చిపోయినట్టు నటించినవాళ్ళు లేచి, కెమెరా వైపు చూసి నవ్వాలి. ఆ ముక్క సినిమాలో ఉండదు. కీడు పోవడానికి తీస్తారు, అంతే.

నాయిన లేచి కూర్చుని పళ్ళు బయటపెట్టాడు.

“చాల్లెండి, సరిపోతుంది” అన్నాడు డైరెక్టర్.

“ఏం సరిపోతది?” అమ్మ లైట్ల మధ్యకు దూసుకెళ్ళింది. “గది నవ్వా? పండ్ల డాక్టర్‌కు చూపెట్టినట్టు చూపెట్టిండు. మంచిగ నవ్వేదాక బంద్ చెయ్యొద్దు!”

“ఫిల్ము ఖర్చయిపోతోందమ్మా. కాస్త అర్థం చేసుకోండి.”

“మనిషిని చంపేటందుకు ఫిల్ము ఉంటది గని, నవ్వేటందుకు ఉండదా?”

నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. గూండా వేషాలవాళ్ళు కత్తులు పట్టుకుని నోరెళ్ళబెట్టారు. అసిస్టెంట్ ఏవో జోకులు చెప్పాడు. ఒక గూండా పిల్లిమొగ్గలు వేశాడు. నాయిన మొహంలో చలనం లేదు. అప్పుడు అమ్మ గొంతు మారిపోయింది. “జర నవ్వరాదయ్యా. ఒక్కసారి,” అంది. ఆమె ఏడుస్తోందని అప్పుడే చూశాను.

నాయిన ఆమెను చూశాడు. తలుపును చూశాడు. డైరెక్టర్ వైపు తిరిగి, “సార్, అంతమంది గూండాలను ఆపిన. ఈమెను ఎట్ల ఆపాలె, మీరన్న చెప్పుండ్రి!” అంటూనే ఫక్కున నవ్వాడు. ఇక ఆగలేదు. మీసాల మీద ఎర్రరంగు కారుతుంటే, పొట్ట పట్టుకుని, నేల మీద పడి నవ్వాడు. మా నాయిన నవ్వు! ఎన్నాళ్ళకు విన్నాను! అమ్మా, నేనూ, ఆ గూండాలూ అందరం నవ్వాం.

సినిమా ఆడలేదు. మేం చూడ్డానికి వెళ్ళిన రోజు హాల్లో ఉన్న కొద్దిమందీ నాయిన చచ్చిపోయే సీనుకు ఈలలేశారు. అమ్మ పక్క సీటావిడతో “లేచినంక నవ్విండు, మస్తు నవ్విండు” అని చెబుతూనే ఉంది. లైట్లు వేసినా కుర్చీలోంచి కదల్లేదు.

“నవ్వింది ఎయ్యలేదేంది?”

“అది సినిమా కోసం కాదే. నీ కోసం తీసిండ్రు,” అన్నాడు నాయిన.

ఫ్యాక్టరీ మళ్ళీ తెరుచుకోలేదు. ఆయన మాదాపూర్‌లోనే ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీగా చేరి, వచ్చేపోయే వాళ్ళందర్నీ ఆటపట్టిస్తూ చాలా ఏళ్ళు పనిచేశాడు.

ఆయన పోయిన తర్వాత ఒక మధ్యాహ్నం టీవీలో ఆ సినిమా వచ్చింది. తలుపుకు ఆనుకుని నాయిన కిందికి జారుతున్నాడు. నావల్ల కాక ఛానల్ మార్చబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఉండనియ్యి. ఇగ లేచి నవ్వుతడు,” అంది.