శెనిక్కాయల కాలంలో నిండిన బడి

పోయిన నెలలో ఉపాధ్యాయుల సభలో నాకు శాలువా కప్పారు. నా గురించి మాట్లాడిన కుర్రవాడు నాకంటే చాలా చిన్నవాడు. నా మొదటి ఉద్యోగం సంగతి ఎవరో చెప్పగా విన్నాడట. "శెనిక్కాయలు పీకే కాలంలో మన పల్లెల్లో బడులు ఖాళీ అయ్యేవి. ఆ రోజుల్లో కూడా ఒక్క పిల్లా తప్పకుండా బడి నింపిన సారు ఈయన" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను. బడి నిండిన మాట నిజమే. ఎట్లా నింపానో, దానికి ఏ పిల్ల ఏం పోగొట్టుకుందో, ఆ పిల్ల తల్లి ఎవరి మాట పడిందో అతనికి తెలియదు. తెలిసినవాణ్ని నేను కాబట్టి నేనే రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో ముదిగుబ్బ దగ్గర ఒక పల్లెలో నాకు పని దొరికింది. ఒకటే గది, ఐదు తరగతులు, నేనొక్కణ్నే పంతుల్ని. మా ఇల్లు ధర్మవరంలో. నాయన మగ్గం నేసేవాడు. మా ఇంట్లో మొదటి సర్కారు ఉద్యోగం నాదే. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ఆ మాట ఆయన చెవిన పడాలని నాకు మహా ఆశగా ఉండేది.

మొదటి ఏడాది కాయలు పీకడం మొదలైన రోజు బడికి ముగ్గురే వచ్చారు. ఆ ముగ్గురిలో ఒకడికి కాలు బెణికింది. మిగతా పిల్లలంతా పరిగెకు పోయారు. చెట్లు పీకేశాక మట్టిలో తెగిపడిన కాయలు మిగులుతాయి. వాటిని ఏరుకోవడమే పరిగె. ఎవరి చేలో ఏరినా ఎవరూ అడ్డు చెప్పరు. పిల్లలు మట్టి గెలుకుతూ పచ్చికాయలు తింటారు, ఎండుకంప మంటేసి కాల్చుకుని తింటారు, మిగిలినవి ఒడిలో పోసుకుని ఇంటికి తెస్తారు. ఆ కాలంలో ఏ పిల్లను చూసినా మూతి చుట్టూ మసి ఉండేది. బుగ్గలు మాత్రం నిండుగా ఉండేవి. అప్పుడు నేను మసినే చూశాను.

ఆ వారమే బడుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వాకిట్లోనే నిలబడి, "ఏమప్పా, గోడలకు పాఠం చెప్తాండావా?" అన్నాడు. కాలు బెణికినవాడు కిసుక్కున నవ్వాడు. ఆ నవ్వు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ధర్మవరంలో మా వీధి చివర అంగట్లో గాజు సీసాల నిండా చక్కెర బిళ్లలు ఉండేవి. ఎర్రవి, పచ్చవి, నారింజవి. ఆ ఆదివారం ఒక పెద్ద పొట్లం కట్టించుకున్నాను. పొద్దున హాజరు పలికినప్పుడు ఒక బిళ్ల, మధ్యాహ్నం తిని మళ్లీ బడికి వచ్చినప్పుడు ఇంకొకటి. రెండు రోజుల్లో ఊరంతా తెలిసిపోయింది. పరిగె వదిలేసి పిల్లలు పరుగెత్తుకొచ్చారు. నాలుకలు బయటపెట్టి ఎవరిది ఎక్కువ ఎర్రగా ఉందో పోటీలు పడేవాళ్లు.

మరుసటి ఆదివారం ఇంటికి పోతే నాయన మాత్రం మగ్గం గుంతలోంచే పొట్లం వైపు చూసి, "బడి పెట్టినావా, మిఠాయంగడి పెట్టినావా?" అన్నాడు.

"పిల్లోళ్లు వస్తాండారు గదా నాయనా!"

"ఈగలు గూడా వస్తాయిరా."

ఆయనకు బడి నడపడం ఏం తెలుసులే అనుకున్నాను.

కాయల కాలం అయిపోయినా బిళ్లలు ఆపలేకపోయాను. ఒకరోజు పొట్లం తేవడం మరిచిపోతే సగం మంది మధ్యాహ్నం మళ్లీ రాలేదు. ఏడాది తిరిగి, మళ్లీ చేలు పీకడం మొదలైంది. ఈసారి ఇన్‌స్పెక్టరు వచ్చేసరికి గది కిటకిటలాడుతోంది. నా భుజం తట్టాడు. ఆ మాట ధర్మవరం దాకా పోయింది. ఇరవై ఏళ్లు తిరిగి మొన్న శాలువాగా వచ్చింది.

నాలుగో తరగతిలో ఒక పాప ఉండేది. తండ్రి లేడు, తల్లి కూలికి పోయేది. ఆదివారం పొద్దున తల్లీకూతుళ్లు పక్క ఊర్లో ప్రార్థనకు నడిచిపోయేవాళ్లు. పాప ఏది తిన్నా ముందు కళ్లు మూసుకుని దేవునికి చెప్పుకునేది. నేనిచ్చే బిళ్లకు కూడా అంతే. అరచేతిలో పెట్టుకుని, పెదవులు కదిలించి, ఆమెన్ అని నోట్లో వేసుకునేది. గబుక్కున నమిలేది కాదు. బుగ్గన పెట్టుకుని గంటలకొద్దీ చప్పరించేది. లెక్క అడిగితే బిళ్లను ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు మార్చి జవాబు చెప్పేది. జవాబు ఎప్పుడూ తప్పు పోయేది కాదు. నాకు ఆ పాపంటే ఇష్టం. ఆ ఇష్టంకొద్దీ ఒక్కోసారి మూడో బిళ్ల కూడా ఇచ్చేవాణ్ని.

ఆ చలికాలం పిల్లలు చిక్కిపోయారు. అది ఒక్క బిళ్లల వల్లేనని చెప్పను, ఆ ఏడు వానలు కూడా సరిగా లేవు. కానీ పరిగె కాయలు ఇంటికి చేరలేదు కాబట్టి సంగటిలోకి శెనిక్కాయల పచ్చడి లేదు. మిరపకాయ కారంతో ముద్ద మింగేవాళ్లు. కొందరు అదీ సగంలోనే వదిలేసి బిళ్ల కోసం బడికి వచ్చేసేవాళ్లు.

ఒకరోజు పాప బడికి రాలేదు. రెండో రోజూ రాలేదు. సాయంత్రం వాళ్లింటికి పోయాను. పాప గోడవారగా కూర్చుని ఉంది. కుడి దవడ ఉబ్బి కన్ను సగం మూసుకుపోయింది. తల్లి వేడి ఉప్పు మూటతో కాపడం పెడుతోంది. నన్ను చూడగానే పాప లేవబోయింది.

"కూచ్చోమ్మా. ఎన్నాళ్ల నుంచి?"

తల్లి చెప్పింది: "వారం నుంచి నొస్తాండాదంట అయివారూ. చెప్పల్యా. చెప్తే బడికి పంపనని దీని భయం."

"ఏమన్నా తింటాండాదా?"

ఆమె కొంగుముడి విప్పి చూపించింది. అందులో సగం చప్పరించిన బిళ్లల ముక్కలు. ఎర్రరంగు కారి బట్టకు అంటుకుంది. "దినామూ నాకు కొంచెం కొరికి తెచ్చిస్తాది. తినకపోతే అలుగుతాది, దాచిపెడితి." కొంగు మళ్లీ ముడేసుకుంది. "ముందటేడు ఇదే కాలానికి ఒడి నిండా కాయలు తెచ్చేది అయివారూ. తట్ట నింపేది. ఇప్పుడు ఇది తెస్తాది."

ఆమె నన్ను తప్పుపట్టడానికి అన్న మాట కాదది. ఉన్నది చెప్పింది, అంతే. నాకు మాత్రం ఆ గుడిసెలో ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

మరుసటి రోజు పొద్దున బస్సులో వాళ్లిద్దర్నీ పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు పాప నోరు తెరిపించి చూశాడు. దవడ పన్ను లోపలిదాకా పుచ్చి చీము పట్టింది. తీసేయాలి, అది మళ్లీ రాని పన్ను అన్నాడు. ఇంకో రెండు కూడా నల్లబడ్డాయట. ఆయన తల్లి వైపు తిరిగాడు.

"ఏమ్మా, పిల్లకు మిఠాయి తప్ప ఇంకేం పెట్టవా? ఏడిస్తే చాలు ఒక బిళ్ల చేతిలో పెట్టేదేనా? కూలి దుడ్లన్నీ దానికే పోస్తాండావా?"

ఆమె నోరు తెరిచింది. మళ్లీ మూసుకుంది. నా వైపు చూడలేదు. "ఇంగ పెట్టను సార్" అంది.

డాక్టరు నన్ను చూశాడు. నేను ఇస్త్రీ చొక్కాలో ఉన్నాను, చీటీ రాయించేటప్పుడు పంతుల్నని చెప్పాను. "మీరు బడి పంతులు గదా? ఇట్లాంటోళ్లకు కొంచెం బుద్ధి చెప్పండి సార్."

"చెప్తాను" అన్నాను.

ఇన్నేళ్లలో నేనన్న మాటల్లో దాన్ని మించిన అబద్ధం లేదు. ఆ తల్లి తన బిడ్డకు ఒక్క బిళ్ల కూడా కొనిపెట్టలేదు. ప్రతి బిళ్లా నా చేత్తో ఇచ్చిందే. ఈ సంగతి ఆ గదిలో ముగ్గురికి తెలుసు, డాక్టరుకు తప్ప.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పాప నోట్లో దూది పెట్టుకుని నా ఒళ్లో తల వాల్చింది. తల్లి కిటికీ పక్కన కూర్చుంది. సగం దారిలో ఆమెతో అన్నాను.

"ఆయన ముందర నేను చెప్పాల్సింది."

"చెప్పి ఏం చేస్తారు? నలుగురి ముందర మిమ్మల్ని తిడితే రేపు ఊర్లో పిల్లోళ్లు మీ మాట ఇంటారా? నాదేముందిలే. ఆ డాక్టరప్ప మళ్లీ నన్ను యాడ చూస్తాడు?"

పాప నిద్రపోయిందనుకున్నాను. పోలేదు. దూది పక్కకు తోసి ముద్దముద్దగా అడిగింది: "సార్, పరిగెకు పోతే పేరు కొట్టేస్తారా?"

"కొట్టెయ్యనమ్మా."

"బడిగ్గూడా వస్తా. రెండింటికీ పోతా."

"రెండింటికీ పోదాం" అన్నాను.

బిళ్లలు ఆపేశాను. నాలుగు రోజులు పిల్లలు నా మీద అలిగారు, ఇద్దరు ముగ్గురు నెల దాకా రాలేదు. వాళ్ల ఇళ్లకు పోయి బతిమాలి తెచ్చుకున్నాను. తర్వాతి కాయల కాలానికి ఊర్లో పెద్దలతో మాట్లాడి, తెల్లవారగానే బడి మొదలుపెట్టి, ఎండ ముదరకముందే వదిలేశాను. వదలగానే అందరం చేలోకి పోయేవాళ్లం. అట్లా నడిచిన బడికి పిల్లలు మానలేదు. ఇన్‌స్పెక్టరు మాత్రం మధ్యాహ్నం వచ్చి, తాళం చూసి, చేలోకి కబురు పెట్టి నన్ను పిలిపించి చీవాట్లు పెట్టాడు. ఆ మాట కూడా ధర్మవరం దాకా పోయింది. "ఇప్పుడు బడి పెట్టినావురా" అన్నాడు నాయన. దానికి ఎవరూ శాలువా కప్పలేదు.

మొదటిరోజు పరిగెలో పాప అందరికంటే ఎక్కువ ఏరింది. కానీ తినలేకపోయింది. పన్ను పోయిన వైపు నల్లబడ్డ ఇంకో పన్నుకు గింజ గట్టిగా తగిలితే నొప్పి. కాల్చిన కాయలు అందరూ నములుతుంటే ఊరికే ఒలిచి పక్కవాళ్లకు పెడుతోంది. నేను చేను పక్కింట్లో రోలు అడిగి, కాల్చిన గింజల పొట్టు ఊది, బెల్లం వేసి మెత్తగా దంచాను. నాకు దంచడం రాదు. సగం గింజలు రోలు బయటే పడ్డాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు.

ఉండ చేసి పాప చేతిలో పెట్టాను. కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. ఎంతకీ ఆమెన్ అనదు.

"తొందరగా కానీవే! దేవునికి వేరే పనుండాది" అని ఎవరో అరిచారు.

పాప ఒక కన్ను తెరిచింది. "ఉండండే, సార్ గురించి గూడా చెప్పాల" అని మళ్లీ మూసుకుంది.

ఏం చెప్పిందో నేను అడగలేదు. ఆమెన్ అని ఉండను కొరికి, ఎడమ వైపుకు మార్చుకుని, నిదానంగా నమిలింది.