తాడు నా చేతిలో ఉన్న రోజు

చెప్పాల్సిన మాట ఒకటి చాలా ఏళ్లుగా నా దగ్గరే ఉండిపోయింది. దాన్ని మోస్తూనే పెళ్లిళ్లకు పోయాను, చావులకు పోయాను, మెడలో దండ వేయించుకున్నాను. పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు, ఏ పని చేస్తున్నా మనసు అక్కడికే పోతుంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి, రేపు బజారులో మీరు నన్ను గుర్తుపట్టరు కాబట్టి.

నా పేరు రాయను. ఆయన పేరు మార్చి గంగరాజం అంటాను. ఊరు కోరుట్ల అవతలి ఇబ్రహీంపట్నం దగ్గరిది అనుకోండి. మిగతాదేదీ మార్చలేదు.

కిందటేడు మా బిడ్డ ఇంట్లో టీవీకి ఇంటర్నెట్ పెట్టించి, ఓటీటీ ఒకటి తెచ్చి పెట్టింది. మా బాపు కూర్చుని సినిమాలు చూస్తాడనుకుంది. నేను డాక్యుమెంటరీలు మరిగాను. సముద్రం అడుగున చేపలు, మంచు దేశంలో కుక్కలు, ఎక్కడో జైళ్లు. కుర్చీలో కూర్చుని ప్రపంచం మొత్తానికి తీర్పు చెప్పడం బాగుంటుంది. ఎవరు మంచివాడో ఎవరు కాదో నాకు వెంటనే తెలిసిపోయేది.

ఒకసారి ఏదో దేశంలో ఫ్యాక్టరీ కాలిపోయిన సంగతి చూశాను. వెనక తలుపు తాళంచెవి ఒక మనిషి దగ్గర ఉండేదట. వాడిప్పుడు ముసలివాడు. కెమెరా ముందు కూర్చుని, ఆ పొగలో నాకెవరూ కనబడలేదు అంటాడు. అబద్ధం, వాడికి కనబడ్డారు అని నేను గట్టిగా అన్నాను. వంటింట్లోంచి నా భార్య తొంగిచూసింది. అంత గట్టిగా ఎందుకన్నాను? వాడి గొంతు నాకు తెలిసిన గొంతులా ఉంది. నాలో నేను మాట్లాడుకునే గొంతు.

ఇంకోసారి ఎడారిలో మేడలు కట్టే కూలీల మీద ఒకటి వచ్చింది. రేకుల గదిలో ఒకరి మీద ఒకరు మంచాలు, గోడకు వేలాడదీసిన అంగీలు. పది నిమిషాలు కూడా చూడలేకపోయాను. ఏమైందని భార్య అడిగితే కళ్లు మండుతున్నాయన్నాను.

ఆ తర్వాత వచ్చింది తెలంగాణ ఉద్యమం మీద తీసినది. అందులో ఏం చూశానో చెప్పాలంటే ముందు ఆ రోజు సంగతి చెప్పాలి.

అప్పుడు నేను కోరుట్లలో ఒక ప్రైవేటు బడిలో పంతులును. ఉద్యమం ఊపందుకున్నాక బడికి పోవడం తగ్గింది, తర్వాత మానేశాను. ఇల్లు నా భార్య బీడీలతో నడిచింది. నేను ఉద్యమ కమిటీలో తిరిగాను. మాట్లాడటం వచ్చు, మైకు పట్టుకోవడం వచ్చు. బడిలో పిల్లలు తప్ప ఎవరూ నా మాట వినని మనిషిని, ఒక్కసారిగా రోడ్డు మీద వందలమంది వింటున్నారు. ఉద్యమాన్ని ప్రేమించానా, ఆ వినడాన్ని ప్రేమించానా? రెండూ అనుకుంటాను. ఇప్పుడైనా నిజం చెప్పాలి కదా.

గంగరాజం నాతో చదువుకున్నవాడు. గల్ఫ్‌లో కూలిగా ఏళ్లు గడిపి వచ్చి, చివరికి మస్కట్‌లో ఒక కంపెనీలో డ్రైవర్‌గా మంచి వీసా సంపాదించాడు. పోయే ముందు ఇంట్లో దావత్ ఇచ్చాడు. అందరూ తాగి నవ్వుకుంటున్నారు. ఉద్యమం ఎట్లా నడుస్తోందని ఎవరో నన్ను అడిగారు. నేను జవాబు మొదలుపెట్టేలోపే గంగరాజం అందుకున్నాడు.

"మావోని ఇంట్ల ఆమె బీడీలు చేస్తది, ఈన బజార్ల నినాదాలు చేస్తడు. ఇద్దరిదీ పొగ పనే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన చెయ్యి నా భుజం మీదే ఉంది. దోస్తును దోస్తు అనే మాట అది, అంతకన్నా ఏం లేదు. కానీ అది నిజం. నిజం కాబట్టే ఇంటికి పోయేదాకా కాదు, వారాల తరబడి గుచ్చుకుంది. బీడీలు చేస్తున్న నా భార్య వేళ్లు చూసినప్పుడల్లా ఆ నవ్వు వినబడేది.

సమ్మె రోజులవి. బస్సులు లేవు. కోరుట్ల బయట రోడ్డు ఆపి, అక్కడే వండుకు తినే వంటా వార్పు పెట్టాం. తారు మీదే రాళ్లు పేర్చి పొయ్యిలు, వాటి మీద అన్నం గంజులు, పక్కన డప్పులు. ఒక కరెంటు స్తంభానికి తాడు కట్టి రెండో కొస నా చేతికిచ్చారు. మెడలో ఈల, ఊదితే బండి ఆగాల్సిందే. ఎవరిని ఆపాలో ఎవరిని వదలాలో చూసేవాణ్ణి నేనే.

వదలడానికి మాకు ఒక పద్ధతి ఉండేది. ఎవరూ కూర్చుని రాసింది కాదు, దానంతటదే ఏర్పడింది. అంబులెన్స్‌కు తాడు లేపాలి. శవానికి లేపాలి. పరీక్షకు పోయే పిల్లలకు లేపాలి. పాస్‌పోర్ట్ చూపించినవాడికి లేపాలి. మా దిక్కు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నవాళ్లే. విమానం ఎక్కేవాడు జీపు కిటికీలోంచి పాస్‌పోర్ట్ పట్టుకున్న చెయ్యి పైకెత్తేవాడు. దూరం నుంచే చూసి తాడు లేపేవాళ్లం. జై తెలంగాణ అని అరిచి సాగనంపేవాళ్లం.

ఆ మధ్యాహ్నం గంగరాజం జీపు వచ్చింది. వెనక సీటులో ఆయన భార్య సత్తవ్వ. వేములవాడలో మొక్కు చెల్లించి, సిరిసిల్ల మీదుగా హైదరాబాద్ పోవాలి. రాత్రికి విమానం. వెనక లారీలు నిలిచిపోయి జీపు తిప్పుకునే జాగా కూడా లేదు. ఆయన దిగి నా దగ్గరికి వచ్చాడు.

"అరేయ్, తాడు లేపురా. మొక్కు అప్పజెప్పి పోవాలె."

"అందరికి ఒక్కటే లెక్క. టీవీ వాళ్లు వస్తున్నరు. వాళ్లు వీడియో తీసుకున్నంక ఇడుస్తం."

"గీ తారీఖు దాటితె విసా పోతదిరా."

"అందరు ఏదో ఒకటి పోగొట్టుకుంటనే ఉన్నరు. కూసో. రెండు ముద్దలు తిను."

ఆయన నా ముఖం కాసేపు చూశాడు. చిన్నప్పటి నుంచి నన్ను రా అని తప్ప పిలవని మనిషి. గొంతు తగ్గించాడు.

"సార్. జెర ఇడువు సార్."

ఆ మాట నాకు బాగుంది. ఇదే నేను ఎవరికీ చెప్పలేకపోయింది. బాగుంది. ఆయన సార్ అనడం, పక్కనున్న పిల్లలు వినడం. చెయ్యి పట్టుకుని ఆకు ముందు కూర్చోబెట్టాను. నేనే వడ్డించాను. అన్నం వేశాను, పప్పు వేశాను, పెరుగు కూడా పోయించాను. అన్నం పెట్టినవాణ్ణి ఎవరు తప్పుపడతారు? ఆయన తిన్నాడు. తింటూ జీపు వైపే చూశాడు.

టీవీ వాళ్లు ఆలస్యంగా వచ్చారు, తీసుకుని పోయారు. అప్పుడు లేపవచ్చు. లేపలేదు. ఇంకాసేపు ఆగాను. అంతకుముందు గడిచిందంతా ఉద్యమానిదని అనుకోవచ్చునేమో. ఆ కాసేపు మాత్రం నాది. అందులో తెలంగాణ లేదు. అందులో దావత్ రోజు నవ్విన నవ్వే ఉంది.

పాస్‌పోర్ట్ సంగతి ఇక్కడ రాయలేదని మీరు గమనించి ఉంటారు. దాన్ని ఇన్నేళ్లూ నేను మరోలా చెప్పుకున్నాను. అందుకే పక్కన పెట్టాను. చెబుతాను.

మొక్కు కూడా మానుకుని తిన్నగా పోయారట. విమానాశ్రయంలో కౌంటర్ మూసిన కాసేపటికి చేరారట. ఆ కాసేపు అనే మాట విన్నప్పుడు నేను చాయ తాగుతున్నాను. గ్లాసు కింద పెట్టలేకపోయాను.

వీసా గడువు దాటింది. కంపెనీ వేరేవాణ్ణి తీసుకుంది. తర్వాత రెండేళ్లకు ఆయన ఇంకేదో వీసా మీద పోయాడు. ఎడారిలో మేకలు కాసే పని. తిరిగి వచ్చేసరికి నడుము పోయింది. నర్సింగ్ చదువుతానన్న బిడ్డ ఇంటర్‌తో ఆగిపోయింది. నాకు మాత్రం రాష్ట్రం వచ్చాక ఏటా శాలువా కప్పారు. ఉద్యమకారుడు అన్నారు.

ఇప్పుడు అసలు సంగతి. గంగరాజం నన్ను ఎప్పుడూ ఏమీ అనలేదు. అనకపోవడమే కాదు. ఏటా ఆవిర్భావ దినం నాడు మా ఊరి సభలో లేచి నిలబడి, ఒకడు పానమిచ్చిండు, ఒకడు నౌకరి ఇచ్చిండు, నేను విసా ఇచ్చిన అని చెబుతాడు. జనం చప్పట్లు కొడతారు. నాకు శాలువా కప్పేటప్పుడు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టేది ఆయనే. నా పగను ఆయన తన త్యాగం చేసుకున్నాడు. ఆ త్యాగం మీద నిలబడి బతుకుతున్నాడు.

ఎట్లా బతికావని మీరు నన్ను అడగాలి. రెండు సాకులు పెట్టుకుని బతికాను. ఒకటి, నేను వదిలినా సిరిసిల్లలో ఆపేవాళ్లు, అక్కడ సాంచాల మీద బట్ట నేసేవాళ్లు రోడ్డు మీదే ఉన్నారు కదా అని. ఆ సాకు గంగరాజమే తీసేశాడు, తెలియకుండానే. సిరిసిల్ల వాళ్లు పాస్‌పోర్ట్ చూడగానే తాడు లేపారని, బండి మీద ఒక పిల్లగాడు ముందు పోతూ దారి ఇప్పించాడని సంతోషంగా చెప్పాడు. వాళ్లు నా వంటి ఉద్యమకారులే. వాళ్ల చేతిలోనూ తాడే ఉంది.

రెండోది, నాకు పాస్‌పోర్ట్ చూపించలేదని. నోటితో చెప్పాడు గానీ చూపించలేదు, చూపిస్తే లేపేవాణ్ణే, పద్ధతి అదే కదా అని. ఎన్నిసార్లు చెప్పుకున్నానంటే, అది నిజంగా జరిగిన సంగతిలా నాకు గుర్తుండిపోయింది.

డాక్యుమెంటరీలో మా రోడ్డు వచ్చినప్పుడు ఇంట్లో అందరం ఉన్నాం. బిడ్డ కేక వేసింది, బాపూ నువ్వే అని. హైదరాబాద్ నుంచి వచ్చిన పిల్లలెవరో చిన్న కెమెరాతో పొద్దున్నుంచీ తిరిగారు. మేం ఛానెల్ వాళ్ల కోసం చూస్తూ వాళ్లను పట్టించుకోలేదు. తెర మీద పొగ, డప్పులు, గంజులు. ఆగి ఉన్న జీపు. కిటికీలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. చేతిలో పాస్‌పోర్ట్. ఇటు నేను, మెడలో ఈలతో, తాడు పట్టుకుని. నా ముఖం తిన్నగా ఆ చేతి వైపే ఉంది. పొగ లేదు. అడ్డం ఎవరూ లేరు.

తర్వాత నేను గంగరాజానికి అన్నం వడ్డిస్తున్న దృశ్యం. వెనక నుంచి ఒక గొంతు, ఆ రోడ్ల మీద జనం ఒకరికొకరు అన్నం పెట్టుకున్నారని చెబుతోంది. ఆ గొంతు అబద్ధం చెప్పలేదు. దానికి తెలియదు, అంతే.

బిడ్డ ఆ ముక్కను ఫోన్‌లో తీసి బంధువులందరికీ పంపింది. అందరూ పడుకున్నాక కాదు, మరునాడు మధ్యాహ్నం, ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేను మళ్లీ పెట్టుకుని చూశాను. వెనక్కి తిప్పి, ఆపి, చూశాను. ఫ్యాక్టరీ ముసలివాణ్ణి తిట్టినప్పుడు కుర్చీలో ఎంత నిటారుగా కూర్చున్నానో గుర్తొచ్చింది.

సాయంత్రం గంగరాజం ఫోన్ చేశాడు. మనం టీవీల ఉన్నం రా అని నవ్వాడు. అవును అన్నాను.

నాలుగైదు రోజులాగి ఆయన ఇంటికి పోయాను, చెప్పాలనే. ఆయన చేనుకు పోయాడు. వాకిట్లో సత్తవ్వ ఉడికిన పసుపు ఆరబోస్తోంది. రా అన్నా, కూసో అంది. నేను కూర్చోలేదు. చెల్లే, ఆ రోజు రోడ్డు మీద అని మొదలుపెట్టాను. ఆమె చెయ్యి ఆగలేదు. కొమ్ములు విడదీస్తూనే ఉంది.

"నువ్వు సూసినవని నాకెరుకే అన్నా. నేను జీపులనే ఉన్న గదా."

అప్పుడు అరుగు మీద కూర్చున్నాను.

"ఆయనకు చెప్పకు. పది మంది ముందట విసా ఇచ్చిన అని చెప్పుకుంటడు. నువ్వు చెప్తె గా మాట గూడ పోతది. నీకు తేలికైతదేమో. ఆయనకేముంటది?"

కోపంగా అనలేదు. ఎన్నో ఏళ్ల కిందటే ఆలోచించి పెట్టుకున్న మాటలా అంది. అన్నేళ్లూ ఆమె నాకు చాయ పోసింది, అన్నా అని పిలిచింది, నాకు శాలువా కప్పుతుంటే ఆడవాళ్ల వరుసలో కూర్చుని చూసింది. నేనొక్కణ్ణే మోస్తున్నాననుకున్నాను. నాకంటే ఎక్కువ ఆమె మోసింది, అదీ నా తప్పును.

గంగరాజం వచ్చాడు. నడుము పట్టుకుని మెల్లగా అరుగు మీద కూర్చుని, ఫోన్ తీసి ఆ ముక్క నాకే చూపించాడు. గిదో సూడు నా చెయ్యి అని తెర మీద వేలు పెట్టాడు. ఆయన ఆ చేతినే చూసుకున్నాడు. పక్కనే ఉన్న నా ముఖాన్ని చూశాడా? చూడలేదా? చూసి కూడా చూడనట్టు ఉన్నాడా? నాకు తెలియదు. అడిగే హక్కు నాకు లేదు. సత్తవ్వ చాయ తెచ్చింది. తాగాను.

ఆయనకు చెప్పడం ఆమె వద్దంది. చెప్పకపోవడం నాకు తేలిక కాబట్టి ఆ మాట వెనక దాక్కుంటున్నానా? అదీ తెలియదు. ఈసారి శాలువా వద్దని కబురు పెట్టాను. ఒంట్లో బాగాలేదని అబద్ధం చెప్పాను. నిజం చెప్పి వద్దనలేని మనిషిని ఇంకా.

మీరు నన్ను క్షమించాలని రాయడం లేదు. అది మీ చేతిలో లేదు. ఎప్పుడూ బయటికి అనని మాట ఒకటి అనాలి, వినేవాళ్లు ఒకరుండాలి, అంతే.

గంగరాజం పాస్‌పోర్ట్ చూపించాడు. నేను చూశాను. చూసి, తల తిప్పుకుని, ఈల ఊదాను.