ఫ్యాన్ ఆపేసినాయన

రాసుకో చిన్నా. షూటింగుల్లో పెద్ద ఫ్యాన్ పెట్టి తుఫాను పుట్టించేవాడాయన. ముందు జేబురుమాలు పైకెత్తి, గాలి ఎటు వీస్తుంటే ఫ్యానూ అటే తిప్పేవాడు.

ఓ చలికాలం ఫిల్మ్ నగర్ గుట్ట మీద షాట్ జరుగుతోంది. నేను పక్కనే హీరోయిన్ చీరలు ఇస్త్రీ చేస్తున్నాను. దూరదేశాల నుంచి వలసొచ్చే గులాబీ గోరింకల గుంపు ఎదురుగాలికి పైన ఎగరలేక, కిందకి దిగి సరిగ్గా ఫ్యాన్ ముందుకొచ్చింది. ఆయన టక్కున ఆపేశాడు.

"ఎవడాపమన్నాడయ్యా?" మేనేజరు అరిచాడు.

"జర ఆగుండ్రి సార్, గవి పోనీ."

"నువ్వూ పో. రేపట్నుంచి రాకు!"

ఫ్యాన్ ఆగినా ఎదురుగాలి ఆగలేదు. పిట్టలు రెక్కలు కొట్టీ కొట్టీ ఒక్కొక్కటే రాళ్ల మీద పడుతున్నాయి.

"అమ్మా, నా ఫ్యాన్ బంద్ చేసిన. గీ గాలిని ఎట్ల ఆపాలె?" అన్నాడు, నావైపు తిరిగి.

చేతిలో ఉన్న చీర మడత విప్పి, పిట్టల ముందు గాలికి అడ్డంగా పట్టుకుని నిలబడ్డాను.