లొనీ హ్రుస్కా పిస్తోలు పిడి

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకల్లా వెర్లిన్ కుచేరా పదకొండు పిస్తోళ్లకు పిడులు మార్చాడు. నెబ్రాస్కాలోని ఆ చిన్న కౌంటీలో షెరీఫ్ ఆఫీసు ఆయుధాల బాధ్యత ఇరవై ఆరేళ్లుగా అతనిదే. కోర్టు భవనం కింద కిటికీ లేని గది, ఒక బల్ల, గోడవారన నాలుగు పెట్టెలు. చిన్న పిడులు ఒకదాంట్లో, మధ్యరకం ఒకదాంట్లో, పెద్దవి ఒకదాంట్లో. నాలుగోది పనికిరావని తీసేసినవాటికి.

పన్నెండో పిస్తోలు మరిసెలా ఒకాంపోది. డిప్యూటీగా చేరి వారమైంది. ఆమెకు కేటాయించింది కొత్తది కాదు. డిసెంబరులో మంచువాన పడుతుండగా, రోడ్డుకు అడ్డం తిరిగిన లారీ చుట్టూ ఎర్రదీపాలు పెడుతూ, వెనకనుంచి వచ్చిన పశువుల లారీ గుద్ది చనిపోయిన డిప్యూటీ లొనీ హ్రుస్కాది. ఆ సంగతి ఆమెకు ముందే చెప్పారు.

“చెయ్యి చాపు,” అన్నాడు వెర్లిన్. “ఇంతేనా? మిగతాది ఇంట్లో మర్చిపోయొచ్చావా?”

“మా అమ్మ చెయ్యి ఇంకా చిన్నది సార్. దాంతో ఒక్కటిస్తే మా అన్నలు ముగ్గురూ వరసగా పడేవాళ్లు.”

“అయితే నీకు పిస్తోలెందుకు? మీ అమ్మను వెంటేసుకు తిరుగు.”

మాగజీను తీశాడు. పైభాగం వెనక్కి లాగి తూటా ఉండే చోట చూశాడు, చిటికెనవేలు పెట్టి తడిమాడు, మళ్లీ చూశాడు. పక్కనున్న మీట తిప్పి పైభాగాన్ని ముందుకు జార్చి విడదీశాడు. మీట ఊడలాగి, పిడిలోంచి ట్రిగ్గరున్న ఉక్కు ముక్కను పైకెత్తాడు. అరచేతిలో ఇమిడే ముక్క. నంబరు దాని మీదే ఉంటుంది. చట్టం దృష్టిలో తుపాకి అంటే అదే. పిడి ఉత్త ప్లాస్టిక్.

అప్పుడు లొనీ భార్య జోలీన్ లోపలికొచ్చింది. షెరీఫ్ గదినుంచి నేరుగా మెట్లు దిగి వచ్చింది. కోటు గుండీలు పెట్టుకోలేదు.

“ఇవ్వనన్నాడు,” అంది. “ఇరవై ఏళ్ల సర్వీసు నిండితేనే తుపాకి ఇంటికిస్తారట. లొనీకి నాలుగు నెలలు తక్కువ.”

“తెలుసు.”

“తెలిసి నాకు చెప్పలేదేం?”

“నువ్వు పైకెళ్లి అడుగుతావనుకోలేదు, జోలీన్.”

ఆమె బల్ల మీది భాగాలను చూసింది. “ఇదేనా?”

మరిసెలా లేచింది. “నేను బయటుంటానండీ.”

“కూర్చో. నువ్వేం చేశావు?” అంది జోలీన్.

వెర్లిన్ ఖాళీ పిడిని ఆమె ముందుకు జరిపాడు. “తుపాకి నేనివ్వలేను. ఇది మాత్రం ఏ కాగితంలోనూ లేదు. తీసుకో.”

జోలీన్ దాన్ని బొటనవేలితో రుద్ది కింద పెట్టేసింది.

“ఇది లొనీది కాదు.”

“నీ ముందేగా ఉంది, ఇప్పుడే తీశాను.”

“నున్నగా ఉంది. లొనీ దాన్ని మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, సోల్డరింగ్ కడ్డీతో రెండు ఆదివారాలు చుక్కలు పొడిచాడు. చెమట చేతిలో జారకుండా. కంపు భరించలేక కిటికీలు తెరుచుకుని పడుకున్నాం. బల్ల కూడా కాల్చాడు, దున్నపోతు. ఏదో ఒకటి నా మొహాన కొట్టి పంపకు, వెర్లిన్.”

వెర్లిన్‌కు గుర్తొచ్చింది. ఇంట్లో సొంతంగా మార్పులు చేసుకున్న పిడులు వాడకూడదని అక్టోబరులో ఉత్తర్వు వచ్చింది. లొనీ పిడి మార్చింది తనే. తీసేసినవాటిని రంపంతో కోసి పారేయాలి. రంపం ఉండేది రోడ్ల శాఖ షెడ్డులో, నాలుగు మైళ్ల అవతల. నవంబరులో ఒక్కసారి కొన్ని పట్టుకెళ్లి కోశాడు. ఎవరివో చూడలేదు.

అదే చెప్పాడు. “ఉందో లేదో తెలీదు.”

నాలుగో పెట్టెను నేలమీద బోర్లించాడు. ముగ్గురూ మోకాళ్ల మీద కూర్చున్నారు. చాలావాటి మీద చుక్కలో గీతలో ఉన్నాయి. నిరుడు డిప్యూటీలందరికీ అదే పిచ్చి. వెర్లిన్ కళ్లద్దాలు పెట్టుకుని వెతికాడు. జోలీన్ ఒక్కోదాని మీద బొటనవేలు ఆనించి పక్కన పడేస్తోంది.

“ఇదేమో చూడండి,” అంది మరిసెలా.

“కాదు. ఇంత నీటుగా చేసేవాడైతే మా ఆయనే కాదు.”

పెట్టెలో సగం పైగా అయిపోయాక ఒకటి జోలీన్ చేతిలో ఆగింది. ఎడమవైపు చుక్కలు కిందికొచ్చేసరికి వరస తప్పాయి. ఒకచోట కడ్డీ జారి గాడి పడింది. దాన్ని కాసేపు పట్టుకుని కూర్చుంది.

“సంతకం ఎక్కడ పెట్టాలి?”

“అక్కర్లేదు.”

కోటు జేబులో వేసుకుంటే సగం బయటికి పొడుచుకొచ్చింది.

“అలా వెళ్తే గుమ్మం దగ్గర నిన్ను బోర్లా పడేసి బేడీలేస్తారు,” అన్నాడు వెర్లిన్. పొద్దున కొలాచె రొట్టెలు తెచ్చుకున్న కాగితపు సంచీ దులిపి ఇచ్చాడు. ఆమె పిడిని అందులో వేసి, మూతి మడిచి, వెళ్లిపోయింది.

అతను ఉక్కు ముక్కను చిన్న పిడిలో దింపి, మీట పెట్టి, పైభాగం ఎక్కించి మరిసెలాకు ఇచ్చాడు. గురువారం గురి పరీక్షలో ఆమె యాభై తూటాలు కాల్చింది. నలభై మూడు తగిలాయి. నలభై తగిలితే చాలు.

శుక్రవారం వెర్లిన్ నాలుగో పెట్టెను రోడ్ల శాఖ షెడ్డుకు తీసుకెళ్లాడు. ముప్పై నాలుగు పిడులు. కోయడానికి నలభై నిమిషాలు పట్టింది.